తొలకరిలో ఎదురెక్కే చేప

మృగశిర కార్తె ప్రవేశించే రోజున గుంటూరు, బాపట్ల, చీరాల, ఒంగోలు, ఏ ఊళ్ళోనైనా చేపల మార్కెట్టులో కాలు పెట్టడానికి చోటుండదు. జూన్ 7నో 8నో వచ్చే ఆ రోజున ఇంట్లో చేప ఉడకాల్సిందేనన్నది తెలుగునాట తరాలుగా వస్తున్న మాట. ఎండలు విరిగి వానలు మొదలయ్యే వేళ చేప తింటే ఒంటికి మేలని పెద్దల నమ్మకం. హైదరాబాదులో బత్తిని వారు ఉబ్బసానికి చేపమందు వేసేదీ ఈ కార్తెలోనే. ఆ మందు పెట్టేది కొరమేను పిల్ల నోట్లోనే. గుంటూరులో కూడా ఆ రోజు జనం ముందు అడిగేది కొరమేనునే. నీళ్ళ తొట్లో తోక కొడుతూ ఉండాలి, కళ్ళ ముందే తూకం వేయాలి, అప్పుడే బేరం.

అవే రోజుల్లో చెరువులో ఇంకో సంగతి జరుగుతూ ఉంటుంది. తొలకరి నీరు బురద కలిసి వాగుల్లోకి దిగుతుంది. ఎండాకాలమంతా ఎండిన చెరువు మడుగుల్లో, బురదలో ప్రాణం నిలుపుకున్న చేప ఆ కొత్త నీటిని పసిగట్టి ఎదురెక్కుతుంది. దాని కడుపు నిండా గుడ్లుంటాయి. లోతులేని పొలాల నీటిలో, గడ్డి దుబ్బుల మధ్య గుడ్లు పెట్టాలని దాని ఆరాటం. అలుగు కింద, తూము దగ్గర, పిల్లకాలువ మలుపులో మనుషులు వలలతో, గంపలతో, కర్రలతో, ఈటెలతో కాచుకుని ఉంటారు. మనం చేప కోసం ఎగబడే రోజులూ చేప తన సంతానం కోసం బయల్దేరే రోజులూ ఒక్కటే అయ్యాయి. పత్తీ మిరపా పండే ఈ మైదానంలో ఈటె వేట గురించి రాయాలంటే ఈ ముడి దగ్గరే మొదలు పెట్టాలి.

మన సముద్రంలో పగడం లేదు

ఈటెతో చేపల వేట అంటే చాలామందికి గుర్తొచ్చేది టీవీలో చూసిన దృశ్యం. నీలపు నీళ్ళు, అడుగున రంగురంగుల పగడపు దిబ్బ, కళ్ళకు అద్దం కట్టుకుని చేతిలో ఈటె తుపాకీతో దిగే మనిషి. మన సూర్యలంకలోనో వాడరేవులోనో కొత్తపట్నంలోనో మోకాలి లోతుకు దిగితే మన కాలివేళ్ళు మనకే కనబడవు. కృష్ణమ్మ మోసుకొచ్చే ఒండ్రు ఈ తీరమంతా పరుచుకుని ఉంటుంది. పగడపు జీవికి ఎండ తగలాలి, నీరు తేటగా ఉండాలి, పట్టుకోవడానికి గట్టి రాయి కావాలి. ఇక్కడ ఆ మూడూ కరువే. మన దేశంలో పగడపు దిబ్బలున్నవి మన్నార్ సింధుశాఖలో, పాక్ అఖాతంలో, కచ్ సింధుశాఖలో, లక్షదీవుల్లో, అండమాన్ నికోబార్ దీవుల్లో.

అండమాన్‌తో మనకు చుట్టరికం కూడా ఉంది. పోర్ట్‌బ్లెయిర్‌లో, ఇప్పటి శ్రీ విజయపురంలో, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. అదే దీవుల్లో జారవాలు, ఓంగీలు పగడపు దిబ్బల మీది లోతులేని నీళ్ళలో నిలబడి విల్లంబులతో చేపలు కొడతారు. అద్దం, గొట్టం, రబ్బరు రెక్కలు ఏవీ లేకుండా సాగే వేట అది.

పగడపు దిబ్బల మీద ఈటె వేట తేలికైన పని కాదు. పది మీటర్లు దిగేసరికి ఒంటి మీద ఒత్తిడి రెండింతలవుతుంది. చెవులు సర్దుకోకపోతే కర్ణభేరి పగులుతుంది. ఊపిరి బిగబట్టి మరీ ఎక్కువసేపు ఉన్నవాళ్ళు పైకి వచ్చేటప్పుడు, ఇంకాస్తలో గాలి అందుతుందనగా, స్పృహ తప్పి మునిగిపోయిన సంఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. అందుకే ఒంటరిగా దిగకూడదన్నది ఆ వేటగాళ్ళ మొదటి నియమం. తినడంలోనూ జాగ్రత్త పడాలి. కొన్ని ఉష్ణమండల సముద్రాల్లో దిబ్బల మీది పెద్ద చేపల్లో సిగ్వాటెరా అనే విషం పేరుకుంటుంది. ఎంత ఉడికించినా అది పోదు.

ఆ వేటకున్న కట్టుబాట్లు మాత్రం మనం తెలుసుకోదగ్గవి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ మెరైన్ పార్కులో, అనుమతి ఉన్న మండలాల్లో ఈటెతో చేప పట్టుకోవచ్చు. కానీ లైటు వాడకూడదు, తూటా పేల్చే తుపాకీ వాడకూడదు, స్నార్కెల్ గొట్టం తప్ప గాలి సిలిండరు వంటిదేదీ వాడకూడదు. ఇందులోని నీతి సూటిగా ఉంది. మనిషి తన ఊపిరి ఉన్నంతసేపే వేటాడాలి, చేప మేలుకుని ఉన్న వేళే వేటాడాలి. పసిఫిక్‌లోని సొలొమన్ దీవుల్లో నీళ్ళలో వెలిగే టార్చిలైట్లు వచ్చాక ఏం జరిగిందో చూడండి. తలమీద బొడిపె ఉండే పెద్ద చిలుక చేపలు రాత్రిపూట దిబ్బల పక్కన గుంపులుగా నిద్రపోతాయి. వెలుగు వేసి వాటిని నిద్రలోనే పొడిచారు. చాలా చోట్ల ఆ జాతి కనబడకుండా పోయింది. ఈటె పాతదే, దానికి తోడైన లైటు కొత్తది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మన చెరువు గట్టు మీదికి వచ్చాక మళ్ళీ పనికొస్తుంది.

ఊపిరి కోసం పైకి వచ్చే చేప

పగడపు దిబ్బ దగ్గర ఊపిరి బిగబట్టేది మనిషి. మన చెరువులో ఊపిరి కోసం పైకి రావలసింది చేప. రెండు వేటలకూ ఉన్న అసలు తేడా ఇదే.

కొరమేనుకు మొప్పలున్నా అవి చాలవు. తలలో మొప్పల పైన గాలి పీల్చుకునే అర ఒకటి ఉంటుంది. కొన్ని నిమిషాలకోసారి నీటిమీదికి వచ్చి ఒక గుక్క గాలి తీసుకుని తీరాలి. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చనిపోతుంది. ఈ గుణమే దానికి బలం కూడా. చెరువు ఎండి బురదగా మారినా, బురద పైన పెచ్చు కట్టినా, చర్మం తడిగా ఉన్నంతవరకూ అది బతుకుతుంది. వానకు తడిసిన గడ్డిలో పాక్కుంటూ ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోతుంది. మూడేళ్ళకోసారి కరువు చూసే ప్రకాశం మెట్ట చెరువులకు ఇంతకంటే తగిన చేప లేదు. దాని చుట్టాలు మట్టగిడసలదీ ఇదే తీరు.

వేటగాడు కనిపెట్టేది ఆ గుక్కనే. పొద్దున గాలి లేని వేళ, నీరు కదలకుండా ఉన్నప్పుడు, గట్టున నిలబడి చూస్తే తామరాకుల పక్కన చిన్న చప్పుడుతో ఒక బుడగ పగులుతుంది. పైకి వచ్చిన చేప ఎటు తిరిగి దిగిందో ఆ సుడిని బట్టి తెలుస్తుంది. మళ్ళీ అక్కడికి దగ్గర్లోనే లేస్తుంది. ఈలోగా నీళ్ళలో అడుగు వేయకూడదు, గట్టు మీద నీడ కదలకూడదు. అనుభవం ఉన్నవాళ్ళు సూర్యుడు ఎదురుగా ఉండేలా నిలబడతారు, తమ నీడ వెనక్కి పడాలని.

ఈటె తయారీలో పెద్ద ఖర్చేమీ లేదు, పనితనమే ఉంది. పూర్వం కమ్మరి కొలిమిలో కొట్టించేవారు. తర్వాత విరిగిన గొడుగు కమ్ములు, సైకిల్ పుల్లలు ఆ పనికి వచ్చాయి. కమ్మిని జానెడు పొడవుకు తెంచి, కొనను ఆకురాయితో సూదిగా అరగదీస్తారు. కొనకు కాస్త కింద ఒక పక్క చెక్కి వెనక్కి తిరిగిన ముల్లు లేపుతారు. ఆ ముల్లు లేకపోతే గుచ్చుకున్న చేప జారి, గాయంతో పోయి ఎక్కడో చస్తుంది. వేటలో అంతకంటే పాపం లేదు. ఇలాంటి ములుకులు మూడో అయిదో తీసుకుని నిండు వెదురు కర్ర చివర చీల్చి దూర్చి, సన్నటి ఇనప తీగతో దగ్గరగా చుట్టి కడతారు. ములుకుల కొనలు ఒకదానికొకటి వేలెడంత ఎడంగా ఉండాలి. మరీ దగ్గరైతే చేప తప్పుతుంది, మరీ ఎడమైతే సందులోంచి దూరిపోతుంది. కర్ర మనిషికన్నా మూరెడు పొడవుండాలి, చివరన బరువుండాలి.

ఇక గురి. నీటి పైనుంచి చూసేవాడికి కనిపించే చోట చేప ఉండదు. నీళ్ళలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది. మీటరు లోతున ఉన్న చేప, నిట్టనిలువుగా చూస్తేనే ముప్పావు మీటరు లోతులో ఉన్నట్టు కనబడుతుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా పైన ఉన్నట్టనిపిస్తుంది. అందుకే కనిపించే చేప కింద పొడవాలి. పగడపు దిబ్బ దగ్గర నీళ్ళలోనే ఉన్న వేటగాడికి చిక్కు ఇంకో రకం. అతని అద్దం వెనకున్న గాలి వల్ల చేప ఉన్నదానికంటే దగ్గరగా, పెద్దగా కనబడుతుంది, తొందరపడి దూరం నుంచే వదిలేస్తాడు. ద్రౌపదీ స్వయంవరంలో అర్జునుడు నీళ్ళలో నీడను చూసి మత్స్యయంత్రాన్ని కొట్టాడని విన్నాం. చెరువు గట్టున నిలబడ్డ పిల్లవాడు ఆ విద్యను ఏ గురువూ చెప్పకుండానే, నాలుగుసార్లు తప్పి నేర్చుకుంటాడు.

ఈటెను బల్లెంలా గాల్లోకి విసరరు. కొనను ముందే నీళ్ళలో ముంచి, మెల్లగా దగ్గరికి తెచ్చి, ఒక్క ఊపున గుచ్చి అడుక్కి అదిమిపెడతారు. తల వెనక, వెన్ను మీద పడితే చేప అక్కడికక్కడే నిలిచిపోతుంది. పొట్టలో పడితే చేదుకట్టు పగిలి కూర మొత్తం చేదవుతుంది. వంటింటి దాకా ఆలోచించి వేసే దెబ్బ అది.

ఈటెకున్న గొప్పతనం నాకు ఇక్కడే కనబడుతుంది. వల ఏ చేపనూ ఎంచదు. గాలానికి ఏది తగులుతుందో వేసినవాడికి తెలియదు. ఈటె ఒక్కటే, చేపను చూసిన తర్వాత దెబ్బ వేసే సాధనం. ఎంత పెద్దది, ఏ జాతి, ఏ స్థితిలో ఉంది అని చూసుకునే క్షణం చేతిలో ఉంటుంది. ఆ క్షణాన్ని ఎలా వాడుకున్నాడన్నదే వేటగాడి మంచీ చెడ్డా.

వానాకాలంలో చెరువు అంచున ఒక దృశ్యం చూడాలి. నీటిమీద ఒకచోట ఎర్రగా, బుడబుడలాడుతూ వందల కొద్దీ పిల్లలు గుంపుగా తిరుగుతాయి. అవి కొరమేను పిల్లలు. వాటి కిందనే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. గుడ్లు పెట్టేముందు అవి గడ్డి మధ్య నీటిని శుభ్రం చేసి గూడు చేస్తాయి, గుడ్లు పిల్లలయ్యేదాకా, ఆ పిల్లలు తమంతట తాము తిరిగేదాకా అక్కడినుంచి కదలవు. మనిషి దగ్గరికి వచ్చినా పారిపోవు, పైపెచ్చు మీదికి వస్తాయి. అందుకే ఆ వేళ వాటిని పొడవడం పిల్లాటంత సులువు. ఒక పోటుకు రెండు కిలోల చేప దొరుకుతుంది. ఆ సాయంత్రానికే పిల్లల గుంపును మట్టగిడసలు, పాములు, కొంగలు, కప్పలు తినేస్తాయి. చూసి కూడా వేసిన ఈటె అది. నా దృష్టిలో క్షమించరాని వేట అది ఒక్కటే.

యానాదుల చేతిలో

ఈ మైదానంలో చేపను యానాదుల కంటే ఎరిగినవాళ్ళు లేరు. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో కాలువ గట్ల మీద, చెరువు కట్టల కింద, మురుగు కాలువల పక్కన గుడిసెలు వేసుకుని బతికే గిరిజనులు వాళ్ళు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద వెలువరించిన ఏడు సంపుటాల్లో చివరిదానిలో వాళ్ళ గురించి విపులంగా రాశాడు. జీవితమంతా వాళ్ళ కోసం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లో వాళ్ళ మీద ఒక పుస్తకమే వేశారు. శ్రీహరికోట దీవి ఒకప్పుడు వాళ్ళ ఇల్లు. అక్కడ 1971లో మొదటి రాకెట్టు ఎగిరింది. ఆ రాకెట్ ప్రయోగ కేంద్రం కోసం దీవి ఖాళీ అయినప్పుడు ఎన్నో యానాది కుటుంబాలు ఒడ్డుకు చేరాయి.

పొలంలో ఎలుకలు పడితే రైతు కబురు పెట్టేది యానాదులకే. చెరువుకు, తోటకు, ఇప్పుడు రొయ్యల గుంటలకు కాపలా ఉండేదీ వాళ్ళే. చేపకు వాళ్ళు వాడే సాధనాల్లో మొదటిది చెయ్యి. నల్లమడ వాగులోనో రొంపేరులోనో నడుము లోతు బురద నీళ్ళలో ఆడవాళ్ళు వరసగా వంగి, వేళ్ళతో అడుగున తడుముతూ పోతారు. రాయి కిందున్నది ఇంగిలాయో, మార్పో, బొమ్మిడాయో ముట్టుకోగానే తెలుస్తుంది. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే చెయ్యి భుజం దాకా లాగేస్తుంది, కాబట్టి దాన్ని పట్టే తీరు వేరు. అడుగులేని వెదురు గంపను లోతులేని నీళ్ళలో బోర్లా అదిమి, పైనుంచి చెయ్యి పెట్టి చేపను తీయడం ఇంకో పద్ధతి. నిజాంపట్నం మడ అడవుల్లో ఇనప కొక్కెంతో బొరియల్లోంచి పీతలు లాగుతారు. ఈటె ఈ వరసలో ఒకటి, అదీ ఎక్కువగా కొరమేను కోసం.

ఈటె దెబ్బ తిన్న చేపకు మార్కెట్టులో ధర లేదు. కొరమేను కొనేవాళ్ళకు బతికున్నదే కావాలి. అంటే ఈటెతో కొట్టిన చేప ఆ పూట పొయ్యి మీదికి పోవాల్సిందే, ఇంటి అవసరానికి మించి కొట్టినా దండగే. ఈ ఒక్క కారణం వల్లే ఈటె ఏనాడూ చెరువును ఖాళీ చేయలేదు.

చెరువును ఖాళీ చేస్తున్నవి వేరే ఉన్నాయి. వీపున బ్యాటరీ, ఇన్వర్టరు కట్టుకుని, రెండు కర్రలకు తీగలు చుట్టి నీళ్ళలో కరెంటు పెట్టేవాళ్ళు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. పెద్ద చేప స్పృహ తప్పి తేలుతుంది, కాసేపటికి తేరుకుంటుంది, బతికున్న చేపగా అమ్ముడుపోతుంది. పక్కనున్న పిల్లల సంగతి, గుడ్ల సంగతి ఎవరికీ పట్టదు. కరెంటు తగిలి మనుషులు పోయిన వార్తలు కూడా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. మడుగుల్లో మందు కలిపేవాళ్ళు ఉన్నారు. నీళ్ళలో విషం కలిపి గానీ, పేలుడు పదార్థాలు వాడి గానీ చేపలు చంపడం నేరమని 1897 నాటి ఇండియన్ ఫిషరీస్ చట్టమే చెప్పింది. నూట పాతికేళ్ళు దాటిన ఆ చట్టం పేరు గట్టు మీద ఎవరి నోటా వినబడదు. తలకు ఎల్‌ఈడీ లైటు కట్టుకుని రాత్రిపూట అంచుల్లో నిశ్చలంగా పడుకున్న కొరమేనులను పొడుస్తూ పోయే కుర్రాళ్ళూ ఉన్నారు. సొలొమన్ దీవుల చిలుక చేపకు పట్టిన గతి గుర్తు చేసింది ఇందుకే.

పత్తి మందు పారిన కాలువ

అయితే చేప తగ్గడానికి వేటను మాత్రమే నిందిస్తే అన్యాయం. ఈ మైదానం నల్లరేగడిలో పత్తి, మిరప పండిస్తుంది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం మెట్టల్లో లక్షల ఎకరాలు తడిశాయి. ఆ కాలువల ద్వారా చేపలూ కొత్త ఊళ్ళకు చేరాయి. పత్తి పెరిగింది, దానితో పురుగు పెరిగింది, దానితో మందు పెరిగింది. 1980లలో వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్లను రైతులు ఎడాపెడా కొట్టారు. 1984-85లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. ఆ తర్వాత శనగపచ్చ పురుగు విజృంభించింది. 1987-88 నాటికి అప్పుల పాలై అదే పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్న పత్తిరైతుల వార్తలతో ఈ రెండు జిల్లాలు దేశానికి తెలిశాయి. చేపల గురించి రాస్తూ ఆ కుటుంబాలను దాటిపోవడం నా వల్ల కాదు. రైతునూ, చెరువునూ చంపింది ఒకే డబ్బా.

పైరిథ్రాయిడ్లు మనుషులకంటే చేపలకు ఎన్నో రెట్లు విషం. లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాములు చాలు, చేప తేలిపోవడానికి. ఎండోసల్ఫాన్ కూడా అంతే ప్రమాదకరం, 2011లో సుప్రీంకోర్టు నిషేధించేదాకా వాడుకలోనే ఉంది. స్ప్రేయరు కడిగిన నీళ్ళు పిల్లకాలువలోకి, ఖాళీ డబ్బా వాగులోకి. వాన పడగానే పొలం మీది మందంతా కడుక్కుని మురుగు కాలువకు చేరుతుంది. యానాది ఆడవాళ్ళు చేతులతో తడిమేది ఆ మురుగు కాలువలోనే.

మందుకు తోడు జబ్బు కూడా వచ్చింది. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో బయటపడిన పుండ్ల జబ్బు కొద్ది ఏళ్ళలోనే దక్షిణాదికీ పాకింది. ఒక బూజు జాతి క్రిమి వల్ల వచ్చే ఆ జబ్బు మిగతా చేపలకంటే కొరమేనును ఎక్కువగా పట్టింది. ఒంటినిండా ఎర్రటి పుండ్లతో తేలే చేపలను చూసి జనం చాలాకాలం చేప ముట్టలేదు. మళ్ళీ మందు సంగతికి వస్తే, 2002లో బీటీ పత్తి వచ్చాక కాయతొలిచే పురుగు మీద మందు తగ్గింది. మిరపలో తగ్గలేదు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను మాడ్చినప్పుడు రైతులు చేతికందిన మందల్లా కొట్టారు. వాళ్ళను తప్పు పట్టలేం. ఎకరానికి లక్షలు పెట్టిన పంట కళ్ళముందు పోతుంటే ఎవరైనా అదే చేస్తారు. కానీ వేపకషాయం, జిగురట్టలు, ఎర పంటలు వాడి మందు తగ్గించిన పొలాల పక్కన కాలువలో కప్పలు, పరిగెలు తిరిగి రావడం కళ్ళతో చూడవచ్చు. చేప ఉన్న కాలువ అంటే మందు తగ్గిన కాలువ అని గుర్తు.

మట్టి దాకలో

ఇంత చెప్పాక వంట దగ్గరికి రాకపోతే గుంటూరు పాఠకులు ఊరుకోరు.

ఈ ప్రాంతపు చేపల పులుసు ఒక రుతువులో పుట్టే వంట. మాఘ, ఫాల్గుణాల్లో కొత్త చింతపండు వస్తుంది. మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి, కల్లాల్లో ఎండిన కాయ వేసవిలో ఇంటికి చేరుతుంది, ఏడాదికి సరిపడా కారం అప్పుడే కొట్టిస్తారు. పుల్ల మామిడి వైశాఖంలో ఉంటుంది. మృగశిర నాటికి ఈ మూడూ ఇంట్లో కొత్తగా సిద్ధంగా ఉంటాయి. అప్పుడొస్తుంది చేప. పోర్చుగీసువారి ద్వారా అమెరికా ఖండం నుంచి వచ్చిన మిరప మన పులుసులో కలిసి అయిదు వందల ఏళ్ళు కూడా కాలేదు. అంతకుముందు మిరియం ఉండేది. ఇప్పుడు మిరప లేని పులుసును మనం ఊహించలేం.

కారంలోనూ ఎంపిక ఉంది. తేజ కాయ ఒక్కటే వాడితే మంట మిగతా రుచులను మింగేస్తుంది. లాం వ్యవసాయ పరిశోధన క్షేత్రం నుంచి వచ్చిన 334 రకంలో ఘాటు, రంగు రెండూ సమంగా ఉంటాయి. ఇళ్ళల్లో 334ను ముప్పావు వంతు, తేజను పావు వంతు కలిపి కొట్టించుకునేవాళ్ళు చేపకు సరైన కారం తెలిసినవాళ్ళు.

మా ఇంట్లో కొరమేను తెస్తే సగం పని దాన్ని శుభ్రం చేయడమే. జిగురు పోవడానికి బూడిద పెట్టి, గరుకు బండ మీద రుద్ది, పొలుసు తీసి, రాళ్ళుప్పు, పసుపు వేసి మళ్ళీ మళ్ళీ కడిగేవారు. నీళ్ళు తేటగా వచ్చేదాకా ముక్కను పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదు. తలకాయ పారేయకూడదు, పులుసుకు చిక్కదనం దానిదే.

పొయ్యిలోకి పత్తికట్టె. చేలో పత్తి తీయడం అయిపోయాక పీకి ఎండబెట్టిన మోపులు ప్రతి ఇంటి వెనకా ఉండేవి. పత్తికట్టె భగ్గున మండి, తొందరగా నిప్పుగా, నివురుగా మారుతుంది. ఆ మంట పోకడను బట్టే వంట నడిచేది. మట్టి దాకలో వేరుశెనగ నూనె ధారాళంగా పోసి, పెద్ద మంట మీద మెంతులు, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి ఎర్రబడేదాకా వేయించాలి. అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయాక కారం, ఉప్పు, పసుపు. కారం నూనెలో రెండు క్షణాలు మించి ఉంటే మాడుతుంది, వెంటనే చిక్కటి చింతపండు పులుసు పోయాలి. తెర్లి, పైకి నూనె తేలాక మంట లాగేసి, నిప్పుల మీద ముక్కలు పరచాలి. ఇక గరిటె పెట్టకూడదు. గుడ్డతో దాక అంచులు రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా కదపాలి, పులుసు ముక్కల మీదికి ఎక్కి దిగేలా. మామిడి ముక్కలు వేస్తే చింతపండు తగ్గించుకోవాలి. దించేముందు వేయించి దంచిన ధనియాలు, జీలకర్ర, కాసిన్ని మెంతుల పొడి, కొత్తిమీర.

వేడి మీద తినడం చేపల పులుసుకు అవమానం. రాత్రి వండి నివురు మీద వదిలేస్తే తెల్లవారేసరికి ఉప్పు, పులుపు, కారం ముక్క లోపలికి దిగుతాయి. ప్రకాశం మెట్టలో జొన్న సంగటితో, డెల్టాలో సద్దన్నంతో ఆ పులుసు తిన్నవాళ్ళకు వేరే వివరణ అవసరం లేదు.

చెరువు గట్టున పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది. మట్టగిడసలను అలాగే నిప్పుల మీద వేసి, పైతోలు నల్లబడి పగిలాక తీసి, తోలు ఒలిచి, ఎండుమిరపకాయ, రాళ్ళుప్పు నూరిన పొడితో తినడం. చేప లోపలి దాకా కాలాలి. కొరమేను జాతి మాంసంలో మనుషులకు పట్టే పురుగు పిల్లలు ఉండవచ్చు, సరిగా ఉడకనిదీ కాలనిదీ తినకూడదు. మన పులుసు తెర్లే తీరుకు ఆ భయం లేదు.

చెరువుకూ ఒక సెలవు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు సెలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆపుతుంది. నిజాంపట్నం హార్బరులో బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి, మత్స్యకారులు కష్టమైనా పాటిస్తారు. అంటే మృగశిర రోజున సముద్రం సెలవులో ఉంటుంది, జనం బరువంతా చెరువు మీద పడుతుంది. ఆ చెరువులో చేప అప్పుడే గుడ్లతో ఎదురెక్కుతుంది. సముద్రానికి ఇచ్చిన మర్యాద మన ఊరి అలుగుకు ఇవ్వలేమా?

పంచాయతీలు, చెరువు వేలం పాడుకున్న సంఘాలు ఒక చిన్న తీర్మానం చేయాలని నా విన్నపం. తొలకరి నీరు మొదటిసారి పారిన రోజునుంచి పదిహేను రోజులు అలుగు దగ్గర, తూము దగ్గర, చెరువులో కలిసే వాగు నోట్లో ఎవరూ చేప పట్టకూడదు. కరెంటు పెట్టినవాడి, మందు కలిపినవాడి సామాను జప్తు చేసి పోలీసులకు అప్పగించాలి. స్ప్రేయర్లు కాలువలో కడగకూడదు. చెరువు కట్ట మీద బతికే యానాది కుటుంబాలకు తమ తిండి కోసం చేతితో, గంపతో, ఈటెతో పట్టుకునే హక్కును వేలంలో రాసివ్వాలి. చెరువు బాగోగులు అందరికంటే ముందు తెలిసేది వాళ్ళకే, కాపలా పెట్టుకోవలసిందీ వాళ్ళనే.

ఈటె పట్టే కుర్రాళ్ళకు: ఎర్రపిల్లల గుంపు కనబడితే ఆ పక్కకు పోకండి. తలకు లైటు కట్టుకోకండి. పగలు, ఊపిరి కోసం లేచిన చేపను చూసి, తినగలిగినంతే కొట్టండి.

ఇక మార్కెట్టుకు వెళ్ళే మనకు: వచ్చే మృగశిరకు వాగులో ఎదురెక్కుతూ పట్టుబడ్డ గుడ్ల కొరమేను వద్దని చెప్పండి. గుంటల్లో పెంచిన కొరమేను దొరుకుతుంది, రాగండి, బొచ్చె ఎలాగూ ఉన్నాయి. ఆ పులుసుకూ అదే కారం, అదే చింతపండు. చెరువులో తనంతట పెరిగిన కొరమేను తినాలనుంటే వానలు తగ్గి చెరువు నిండుగా ఉన్న కార్తీకం దాకా ఆగండి. అప్పటికి పిల్లలు పెద్దవవుతాయి, చేప కండ పడుతుంది, కొనేవాళ్ళు తగ్గి ధర కూడా దిగుతుంది.